చలిలో కదిలే అద్దాలు

భిలాయ్ ఉక్కు కర్మాగారం నుంచి బయటికొచ్చే రైలు పట్టాల్లో అన్నిటికన్నా పొడవైనవి 260 మీటర్లుంటాయి. ముక్కల్ని కర్మాగారంలోనే అతికి, వరుసగా నిలిపిన వ్యాగన్ల మీద పడుకోబెట్టి పంపుతారు. అలాంటి పట్టాను బిలాస్‌పూర్‌లో ఏ కట్టూ లేకుండా నేల మీద వదిలేశామనుకుందాం. చలికాలం తెల్లవారుజామున దాని ఉష్ణోగ్రత 10 డిగ్రీలు ఉండొచ్చు. మే నెల మధ్యాహ్నం ఎండలో 60 డిగ్రీలకు చేరుతుంది. పట్టా ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో పదకొండున్నర వంతులు పెరుగుతుంది. లెక్క వేస్తే 50 డిగ్రీల తేడాకు ఆ ఒక్క పట్టా 15 సెంటీమీటర్లు సాగుతుంది.

బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. గ్యాంగ్‌మన్ ఇంట్లోనో కీమన్ ఇంట్లోనో పెరిగిన పిల్లలకు ఉక్కు వేడికి పెరుగుతుందని పాఠ్యపుస్తకం కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండ ముదిరితే పట్టాల వెంట గస్తీ ఎందుకు పెరుగుతుందో వాళ్లకు తెలుసు.

ఈ అధ్యాయం చుక్కల్ని చూసే అద్దాల గురించి. మైనస్ 25 డిగ్రీల్లో, మైనస్ 230 డిగ్రీల్లో ఆ అద్దాలను కావలసినంత మాత్రమే కదిపి, అక్కడే నిలబెట్టే యంత్రాల గురించి. పట్టాలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ యంత్రాలు రూపొందించేవారి ముందున్న ప్రశ్న, పట్టా వేసేవారి ముందున్న ప్రశ్న ఒకటే.

బిగించిన నాటి ఉష్ణోగ్రత

ఇప్పటి పట్టాలకు పాతకాలపు ఖాళీలు లేవు. కిలోమీటర్ల పొడవునా అతికేసి స్లీపర్లకు గట్టిగా బిగిస్తారు. మరి పెరగాల్సిన ఆ సెంటీమీటర్లు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. పెరగనివ్వకుండా పట్టి ఉంచినందుకు పట్టా లోపల ఒత్తిడిగా మారతాయి. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలో 30 డిగ్రీల తేడా పుట్టించే బలం సుమారు 57 టన్నులు. వేసవిలో అది నొక్కుడు బలం. చలికాలంలో లాగుడు బలం. ఒకటి పట్టాను పక్కకు వంచాలని చూస్తుంది, రెండోది తెంపాలని చూస్తుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ 57 టన్నులకు 60 డిగ్రీల వేడి ఒక్కటే కారణం కాదు. పట్టాను 60 డిగ్రీల దగ్గరే బిగించి ఉంటే 60 డిగ్రీల దగ్గర దానిలో ఒత్తిడే ఉండదు. బిగించిన నాటి ఉష్ణోగ్రతకూ, ఈ క్షణపు ఉష్ణోగ్రతకూ మధ్య దూరమే బలాన్ని పుట్టిస్తుంది. అందుకే రైల్వే ఇంజనీర్లు ఆ ప్రాంతపు సగటు పట్టా ఉష్ణోగ్రతను లెక్కగట్టి, దానికన్నా కాస్త పైనున్న ఉష్ణోగ్రత ఎంచుకుని, ఆ స్థితిలో పట్టాను వదులు చేసి మళ్లీ బిగిస్తారు. ఈ పనికి వాళ్ల మాట డిస్ట్రెసింగ్.

టెలిస్కోప్ అద్దానికీ ఇదే సూత్రం. అద్దాన్ని సానపెట్టేది, చట్రానికి బిగించేది మనుషులు పనిచేయగల వెచ్చని గదిలో. అది పనిచేసేది గడ్డకట్టే చలిలో. పరికరాన్ని ఇబ్బంది పెట్టేది ఈ రెంటి మధ్య దూరం. ఆ దూరాన్ని ముందే లెక్కలో వేసుకోవడం, లెక్కకు అందకుండా మిగిలినదాన్ని అక్కడికక్కడ సరిదిద్దడం, ఇవే చలిలో పనిచేసే అద్దాల ఇంజనీరింగ్‌లో రెండు భాగాలు. రెండో భాగం చేసే యంత్రాన్ని యాక్చువేటర్ అంటారు.

మూడు పనులు

యాక్చువేటర్ అంటే ఆజ్ఞను కదలికగా మార్చే యంత్రం. బిలాస్‌పూర్ యార్డులో దాన్ని దగ్గరగా చూడొచ్చు. రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పాయింటు పక్కన నేల మీద ఒక ఇనుప పెట్టె ఉంటుంది. అది పాయింట్ మెషిన్. అందులోని మోటారు పళ్లచక్రాల ద్వారా కడ్డీని తోస్తుంది. పట్టా కొన పక్కకు జరుగుతుంది. అంతటితో పని అయిపోదు. జరిగిన పట్టా రైలు బరువు కింద కదలకుండా తాళం పడాలి. తాళం పడిందని, పట్టా నిజంగా ఆనుకుందని ఆ యంత్రమే సిగ్నలుకు తెలపాలి. పట్టాల మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి పరీక్షిస్తారు. అంత అడ్డు ఉన్నప్పుడు తాళం పడకూడదు, పడినట్టు చెప్పకూడదు.

కదపడం, పట్టి ఉంచడం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. యాక్చువేటర్ పనులు ఈ మూడే. కొత్తవాళ్లు మొదటి పని మీదే దృష్టి పెడతారు. మోటారు ఎంత బలమైనది, ఎంత చిన్న అడుగు వేస్తుంది అని అడుగుతారు. అనుభవం ఉన్నవాళ్లు మిగతా రెండూ ముందు అడుగుతారు. రాత్రంతా నిశ్చలంగా ఉండాల్సిన అద్దం వెనక యాక్చువేటర్ ఎక్కువసేపు చేసేది కదలకుండా ఉండడమే. చలి మొదట దెబ్బతీసేదీ ఆ గుణాన్నే.

హైదరాబాద్ నుంచి హాన్లేకి

లడఖ్‌లో చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద హాన్లే అనే ఊరుంది. మేఘాలు తక్కువ, తేమ తక్కువ, ఊళ్ల వెలుతురు దాదాపు లేదు. భారత ఖగోళ భౌతిక సంస్థ అక్కడి కొండ మీద 4,500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను నిలిపింది. 2000 సెప్టెంబరులో అది తొలిసారి చుక్కల వెలుగు చూసింది. బెంగళూరు దగ్గర హోస్కోటెలో కూర్చుని ఉపగ్రహ సంబంధం ద్వారా దాన్ని నడుపుతారు. రాత్రి చలిలో కొండ మీద మనిషి ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిదన్న ఆలోచన అందులో ఉంది.

ఆ కొండకు దగ్గర్లోనే, 4,270 మీటర్ల ఎత్తున, ఇంకో టెలిస్కోప్ ఉంది. పేరు మేస్. మేజర్ అట్మాస్ఫెరిక్ చెరెంకోవ్ ఎక్స్‌పరిమెంట్ అన్న పేరుకు పొట్టిరూపం. భాభా అణు పరిశోధన కేంద్రం సారథ్యంలో దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 1967లో ఏర్పడిన ఆ సంస్థకు తొలి సారథి అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీలోనూ స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, దేశ అణు కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు ఇక్కడే తయారు కావాలని పట్టుబట్టిన మనిషి. సంస్థకు దగ్గర్లోని ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదే వెలిసింది. 2008లో చంద్రయాన్ మాటలు వినడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల యాంటెనా కూడా ఈసీఐఎల్ చేతి పనే. భారీ చట్రాన్ని సున్నితంగా తిప్పే విద్య వాళ్లకు కొత్త కాదు.

2014లో మేస్ భాగాలు హైదరాబాద్ నుంచి లడఖ్‌కు బయలుదేరాయి. 2021లో అది ఆకాశం చూడడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరు 4న లాంఛనంగా ప్రారంభమైంది. దాని అద్దం వ్యాసం 21 మీటర్లు. మొత్తం బరువు సుమారు 180 టన్నులు. ఆ బరువంతా ఆరు చక్రాల మీద, 27 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి రైలు పట్టా మీద తిరుగుతుంది. రైల్వే ఊరి పాఠకులకు ఈ వివరం ప్రత్యేకంగా నచ్చుతుంది. 40 డిగ్రీల తేడా వస్తే ఆ పట్టా వలయపు వ్యాసం 12 మిల్లీమీటర్లు మారాలని చూస్తుంది. యార్డులోని పట్టాకు వర్తించే లెక్క మార్పు లేకుండా అక్కడా వర్తిస్తుంది.

మేస్ చూసేది చుక్కల బొమ్మల్ని కాదు. దూర విశ్వం నుంచి వచ్చే గామా కిరణం మన వాతావరణంలో పైయెత్తున గాలి అణువును తాకినప్పుడు వేల కణాల జల్లు పుడుతుంది. ఆ కణాలు గాలిలో కాంతి వేగాన్ని మించి పరుగెడుతూ నీలి కాంతిని వదులుతాయి. సెకనులో వంద కోట్లవ వంతును ఒక నానో సెకను అంటే, ఆ మెరుపు ఉండేది కొద్ది నానో సెకన్లే. దాన్ని పట్టుకోవడానికి పెద్ద అద్దం, 1,088 కాంతి గొట్టాలున్న వేగవంతమైన కెమెరా కావాలి.

ఒక మిల్లీమీటరు విలువ

21 మీటర్ల అద్దాన్ని ఒకే ముక్కగా ఎవరూ చేయలేరు. మేస్ అద్దంలో 356 పలకలున్నాయి. ఒక్కో పలక సుమారు 984 మిల్లీమీటర్ల చదరం. అందులో నాలుగు చిన్న అద్దాలు. గాజు కాదు, వజ్రపు మొనతో చెక్కి మెరుగుపెట్టిన అల్యూమినియం. పలకలన్నీ కలిసి కాంతిని 25 మీటర్ల దూరంలోని కెమెరా మీద ఒకే చోటికి పంపాలి.

ఇప్పుడు ఒక పలక ఒక అంచు ఒకే ఒక్క మిల్లీమీటరు పైకి లేచిందనుకుందాం. పలక వెడల్పుతో భాగిస్తే వాలు సుమారు వెయ్యో వంతు. అద్దం వాలితే కాంతి దానికి రెట్టింపు కోణంలో మళ్లుతుంది. 25 మీటర్లు ప్రయాణించాక ఆ కాంతి 5 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. కెమెరాలో ఒక్కో పిక్సెల్ వెడల్పు దాదాపు అంతే. అంటే అంచున ఒక మిల్లీమీటరు తప్పితే ఆ పలక పట్టిన వెలుగు పక్క పిక్సెల్‌కు పోతుంది. మిల్లీమీటరులో పదో వంతు పట్టు ఉంటేనే బొమ్మ కుదురుగా ఉంటుంది.

టెలిస్కోప్ దిక్కు మారినప్పుడల్లా చట్రం మీద బరువు వేసే దిశ మారుతుంది. ఎంత గట్టి ఉక్కు చట్రమైనా కొద్దిగా వంగుతుంది. దానికి తోడు రాత్రి ముదిరేకొద్దీ చలి పెరిగి చట్రం ముడుచుకుంటుంది. అందుకే ఒక్కో పలక వెనక రెండు యాక్చువేటర్లు పెట్టారు. వాలును రెండు దిశల్లో మార్చడానికి రెండు చాలు. 356 పలకలకు మొత్తం 712. పలక తన స్థానం నుంచి జరిగితే వాటికి ఆజ్ఞ వెళుతుంది.

పెద్ద దృశ్య టెలిస్కోపులకు గోపురాలుంటాయి. మేస్‌కు గోపురం లేదు. ఆ 712 యంత్రాలూ మంచు, గాలి, దుమ్ము, కొండ మీది కరుకు అతినీలలోహిత కాంతి అన్నిటినీ ఆరుబయట భరించాలి.

చలి ఎక్కడ పట్టుకుంటుంది

యాక్చువేటర్‌ను విప్పి చూస్తే అందులో ఉండేవి మామూలు వస్తువులే. మోటారు, పళ్లచక్రాలు, మర, దాని మీద నడిచే నట్టు, బేరింగులు, గ్రీజు, తీగలు. వెచ్చని వర్క్‌షాపులో కలిసి పనిచేసే ఇవన్నీ చలిలో ఒక్కొక్కటి ఒక్కోలా ప్రవర్తిస్తాయి.

ముందు గ్రీజు సంగతి. వర్క్‌షాపులో మెత్తగా జారే మామూలు గ్రీజు మైనస్ 30 దగ్గర మైనంలా గట్టిపడుతుంది. మోటారుకు తిరగడమే బరువవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు సన్న అడుగుల దగ్గర వస్తుంది. ఆజ్ఞ వెళుతుంది, మర తిరగదు, కదలిక పళ్లచక్రాల్లో ముడుచుకుని ఉంటుంది. ఇంకో ఆజ్ఞ, ఇంకో ఆజ్ఞ. హఠాత్తుగా పట్టు వీడి అన్నీ కలిపి ఒకేసారి దూకుతుంది. అతుక్కుని జారే ఈ స్వభావం ఉన్న యంత్రంతో కచ్చితమైన పని జరగదు. చలికి తగ్గ కందెన ఎంచుకోవడం, కందెన అవసరమే లేని కీళ్లు ఎంచుకోవడం దీనికి విరుగుళ్లు.

తరవాత లోహాల మధ్య తగవు. మీటరు పొడవుండే ఉక్కు 50 డిగ్రీల తగ్గుదలకు 0.6 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. అల్యూమినియం దానికి దాదాపు రెట్టింపు. 1896లో షార్ల్ ఎద్వార్ గియోమ్ కనుగొన్న ఇన్వార్ అనే ఇనుము నికెల్ మిశ్రమం అయితే ఉక్కులో పదో వంతు మాత్రమే. ఈ ఆవిష్కరణ దారి తీసిన కృషికే ఆయనకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. బరువు తగ్గించడానికి పైతొడుగు అల్యూమినియంతో, అరుగుదల తట్టుకోవడానికి మర ఉక్కుతో చేశామనుకోండి. 100 మిల్లీమీటర్ల పొడవు మీద వాటి ముడుచుకునే తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాకా వస్తుంది. మంచి బేరింగులో ఉండే సందు అంతకన్నా చిన్నది. కాబట్టి వర్క్‌షాపులో సరిగ్గా అమరిన బేరింగు హాన్లేలో బిగుసుకుపోతుంది, లేదా అమరిక తీరును బట్టి వదులై ఊగుతుంది. ఒకే గుణమున్న లోహాలు జతచేయడం, తేడా తప్పనిసరైనచోట దాన్ని స్ప్రింగు తీసుకునేలా అమర్చడం రూపకర్త నేర్పు.

కంటికి కనబడని మూడో సంగతి గాలి. హాన్లేలో గాలి ఒత్తిడి సముద్ర తీరంతో పోలిస్తే 60 శాతం దగ్గర ఉంటుంది. పలచటి గాలి వేడిని సరిగ్గా తీసుకుపోదు. బయట అంత చలి ఉన్నా, ఎడతెరిపి లేకుండా నడిచే మోటారు చుట్టలు లోలోపల వేడెక్కగలవు. మామూలు తీగల ప్లాస్టిక్ తొడుగు చలికి పెళుసుబారి పగులుతుంది. మార్కెట్లో దొరికే సాధారణ ఎలక్ట్రానిక్ చిప్పులు సున్నా డిగ్రీల వరకే హామీ ఇస్తాయి. మైనస్ 40 వరకు పనిచేసేవాటిని ప్రత్యేకంగా ఎంచుకోవాలి. ఏ ఒక్క భాగం మరిచినా, పైకి ఎక్కించాక దాన్ని మార్చడానికి చలిలో చట్రం ఎక్కాలి.

మైనస్ 230 దగ్గర

ఇంతకన్నా చలి ఎక్కువైతే పని ఇంకా కష్టమవుతుందని అనిపిస్తుంది. కొంత నిజం. కానీ ప్రకృతి ఇక్కడ ఒక మేలు దాచి ఉంచింది.

2021 డిసెంబరు 25న బయలుదేరిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, తనే విప్పుకున్న ఎండ తెరల నీడలో ఉంది. అక్కడ దాని అద్దాల ఉష్ణోగ్రత మైనస్ 220 డిగ్రీలకు దిగువన ఉంటుంది. 6.5 మీటర్ల ప్రధాన అద్దంలో 18 షడ్భుజి పలకలున్నాయి. అన్నీ బెరీలియం లోహం. ఒక్కో పలక అద్దం బరువు 20 కిలోలు. గది ఉష్ణోగ్రత నుంచి అక్కడికి చేరేలోపు బెరీలియం మీటరుకు 1.3 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. అల్యూమినియం అయితే 4 మిల్లీమీటర్లు దాటేది.

ముడుచుకోవడం అన్ని వైపులా సమంగా ఉంటే ఆకారం చెడదు, సైజు తగ్గుతుందంతే. కానీ పలకకు వెనక పక్కటెముకలు, కీళ్లు, బిగింపులు ఉంటాయి. అందుకని ఆకారం కొద్దిగా మారుతుంది. ఇంజనీర్లు పలకల్ని అమెరికాలోని హంట్స్‌విల్ దగ్గర మార్షల్ కేంద్రంలో శూన్యపు గదిలో చల్లబరిచి, ఎక్కడెంత వంగుతున్నాయో కొలిచారు. ఆ వంపుకు సరిగ్గా వ్యతిరేకమైన ఆకారం గది ఉష్ణోగ్రత దగ్గరే అద్దానికి చెక్కారు. అంటే ఆ అద్దాలు భూమి మీద కావాలనే తప్పుగా ఉన్నాయి. చలిలోకి వెళ్లాక ఒప్పయ్యాయి. పట్టాకు బిగింపు ఉష్ణోగ్రత ఎంచుకున్నట్టే, వెబ్ అద్దానికి మైనస్ 230 దాని సొంత ఉష్ణోగ్రత.

ఇక ప్రకృతి మేలు. పదార్థం వేడికి వ్యాకోచించేది దానిలోని అణువుల కంపనం వల్ల. పరమశూన్యానికి దగ్గరయ్యేకొద్దీ ఆ కంపనం తగ్గిపోతుంది, దానితోపాటు వ్యాకోచ గుణమే దాదాపు మాయమవుతుంది. బెరీలియం ఆ చలిలో ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఆకారం మార్చదు. చలి దాకా వెళ్లడం కష్టం, వెళ్లాక నిలకడ దానంతట అదే వస్తుంది. హాన్లేలో మాత్రం ఆ నిలకడ దొరకదు. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి, రోజూ అదే ఊగులాట. ఆ మాటకొస్తే హాన్లే అద్దానికి రోజువారీ దిద్దుబాటు ఎక్కువ కావాలి.

వదులును వాడుకున్న మోటారు

వెబ్‌లో ఒక్కో ప్రధాన పలక వెనక ఆరు యాక్చువేటర్లు దాని స్థానాన్ని, వాలును సరిచేస్తాయి. ఏడోది పలక వంపును మారుస్తుంది. పద్దెనిమిది పలకలకు 126, రెండో అద్దానికి 6, మొత్తం 132. వాటి ముందు పెట్టిన పని మొదట అసాధ్యం అనిపిస్తుంది. మిల్లీమీటర్ల కొద్దీ దూరం నడవాలి. ఆ తరవాత పది నానోమీటర్లలోపు అడుగులు వేయాలి. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు.

అంత చిన్న కదలికకు భూమి మీద అలవాటైన మార్గం పీజో పింగాణీ. విద్యుత్తు పెడితే అది సన్నగా సాగుతుంది. కానీ మైనస్ 230 దగ్గర ఆ పింగాణీ గదిలో సాగినదానిలో చిన్న భాగమే సాగుతుంది. విద్యుత్తు తీసేస్తే పట్టు వదిలేస్తుంది. రెండో పనికి, అంటే పట్టి ఉంచడానికి అది నమ్మదగింది కాదు. వెబ్ యాక్చువేటర్లను తయారుచేసిన బాల్ ఏరోస్పేస్ ఇంజనీర్లు అందుకే మోటారు, పళ్లచక్రాల దారి పట్టారు.

రెండు రకాల కదలికకు రెండు మోటార్లు పెడితే బరువు, తీగలు, వేడి అన్నీ రెట్టింపవుతాయి. వాళ్లు ఒకే మోటారుతో రెండూ సాధించారు. మోటారు అన్నివేళలా ఒక కేంద్రం తప్పిన చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఒక ఫ్లెక్సర్‌ను నొక్కుతుంది. ఫ్లెక్సర్ అంటే రుద్దుకునే భాగాలేవీ లేకుండా, పలుచని లోహపు భాగం వంగడం వల్లే కదలికనిచ్చే కీలు. అందులో ఘర్షణ లేదు, గ్రీజు లేదు, అతుక్కుని జారడం లేదు. ఆ వంపు మోటారు కదలికను ఎన్నో రెట్లు తగ్గించి నానోమీటర్లుగా అద్దానికి అందిస్తుంది. దూరం నడిపించే పెద్ద మరకు మోటారుకు మధ్య జత మాత్రం వదులుగా ఉంటుంది. దాదాపు ఒక చుట్టు తిరిగేదాకా మర కదలదు, ఆ తరవాతే తగులుకుంటుంది. దూరం పోవాలంటే తిప్పుతూనే ఉండాలి. సన్నగా దిద్దాలంటే వెనక్కి తిప్పి, ఆ వదులు లోపలే మోటారును ఆడించాలి.

పళ్లచక్రాల మధ్య వదులును యంత్రాల పనివాళ్లు దోషంగా చూస్తారు. మోటారు వెనక్కి తిరిగినా చట్రం కాసేపు కదలదు, కచ్చితత్వం పోతుంది. ఇక్కడ ఆ దోషాన్నే కొలత పెట్టి, పెద్ద కదలికకూ చిన్న కదలికకూ మధ్య తలుపుగా మార్చారు. ఈ మొత్తం యంత్రంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఒక్క ఆలోచన.

2022 జనవరిలో పలకల్ని ప్రయాణపు బిగింపుల నుంచి పైకి లేపాల్సి వచ్చింది. దూరం 12.5 మిల్లీమీటర్లు. దానికి సుమారు పది రోజులు పట్టింది. ఒకసారికి ఒక యాక్చువేటర్‌నే, అదీ కొద్దిసేపే నడిపారు. మోటారు నడిస్తే వేడి పుడుతుంది. ఆ చలిలో ఆ కాస్త వేడినీ అద్దాలకు చేరనివ్వకూడదు. చలిలో తొందరపాటుకు మూల్యం వేడి రూపంలోనే ఉంటుంది.

మూడో పని, ఉన్నది ఉన్నట్టు చెప్పడం, వెబ్‌లో నక్షత్రమే చేసింది. సప్తర్షి మండలంలోని హెచ్‌డీ 84406 అనే ఒంటరి చుక్క వైపు టెలిస్కోప్‌ను తిప్పితే ఒక చుక్కకు పద్దెనిమిది బొమ్మలు వచ్చాయి. ఒక్కో పలకను కదిపి, ఏ బొమ్మ కదిలిందో చూసి, ఏది ఏ పలకదో గుర్తుపట్టారు. తరవాత పద్దెనిమిదిటినీ ఒకదాని మీదికి చేర్చారు. ఆపై కాంతి తరంగాలు కలిసి నడిచేలా నానోమీటర్లలో సరిచేశారు. 2022 జులై 12న తొలి చిత్రాలు లోకానికి అందాయి. ఇప్పుడు ఆ యాక్చువేటర్లు దాదాపు ఎప్పుడూ విశ్రాంతిలోనే ఉంటాయి. విద్యుత్తు లేకుండానే పళ్లచక్రాల పట్టుతో అద్దాన్ని నిలబెడతాయి. రెండు రోజులకోసారి కొలిచి చూస్తారు, అవసరమైతేనే కదుపుతారు.

గట్టి చెయ్యి, మెత్తని చెయ్యి

అద్దాన్ని పట్టి ఉంచడానికి రెండు దారులున్నాయి. ఒకటి గట్టి యాక్చువేటర్. హవాయిలోని కెక్ టెలిస్కోపుల్లో ఒక్కొక్కదానికి 36 పలకలు, 108 యాక్చువేటర్లు. వాటిలో మర తిరిగితే ద్రవం నిండిన బెల్లోలు ఆ కదలికను 24వ వంతుకు తగ్గిస్తాయి. అడుగు 4 నానోమీటర్లు. మర తనంతట తాను వెనక్కి తిరగదు కాబట్టి పలక నిలిచే ఉంటుంది.

రెండోది మెత్తని యాక్చువేటర్. లౌడ్‌స్పీకర్‌లో శబ్దం పుట్టించే తీగచుట్టే ఇందులోనూ బలాన్నిస్తుంది. పళ్లచక్రాలు లేవు, రుద్దుడు లేదు, వదులు లేదు. కానీ తనంతట తాను పట్టి ఉంచలేదు. పక్క పలకల అంచుల మధ్య ఎత్తు తేడా కొలిచే సెన్సర్లు ఎడతెగకుండా చెబుతుంటే, అది ఎడతెగకుండా దిద్దుతుంటుంది. గాలి తాకిడిని అణచడంలో దీనికి సాటి లేదు. భారతదేశం భాగస్వామిగా ఉన్న ముప్పై మీటర్ల టెలిస్కోప్ పథకంలో ఎంచుకున్నది ఈ దారినే. 492 పలకలు, పలకకు మూడు చొప్పున 1,476 యాక్చువేటర్లు. వాటి తయారీ, అంచు సెన్సర్ల తయారీ భారత్ వంతుకు వచ్చిన పనుల్లో ఉన్నాయి. ఈ విద్యలో చెయ్యి తిరగడానికి భారత ఖగోళ భౌతిక సంస్థ తమిళనాడులోని కావలూరులో ఏడు పలకల నమూనా టెలిస్కోప్ పథకం చేపట్టింది. పలకకు మూడు చొప్పున 21 యాక్చువేటర్లు దానికి.

ఏది మేలన్నది చోటును బట్టి ఉంటుంది. గాలి లేని, ఉష్ణోగ్రత మారని, మనిషి వెళ్లలేని చోట గట్టి చెయ్యి మేలు. ఒకసారి పెట్టి వదిలేస్తే చాలు. గాలి వీచే, ఉష్ణోగ్రత మారే, విద్యుత్తు దొరికే కొండ మీద మెత్తని చెయ్యి మేలు. ఎటొచ్చీ అది ఎప్పుడూ విద్యుత్తు తింటూ ఉండాలి, కాస్త వేడిని వదులుతూ ఉండాలి. అద్దం వెనక వేడిగాలి లేస్తే చుక్క బొమ్మ వణుకుతుంది. అందుకే మెత్తని యాక్చువేటర్లలో పలక నిలకడ బరువును స్ప్రింగు మీదికి మళ్లించి, తీగచుట్టకు దిద్దుబాటు బలం మాత్రమే మిగులుస్తారు.

ముందున్న పని

హాన్లేలో పది మీటర్లకు పైబడిన పలకల అద్దంతో జాతీయ దృశ్య టెలిస్కోప్ నిలపాలన్న ప్రతిపాదన మన ఖగోళ శాస్త్రజ్ఞుల ముందు ఉంది. మేస్‌కు మిల్లీమీటరులో పదో వంతు చాలింది. దృశ్య కాంతికి అది చాలదు. కాంతి తరంగం పొడవే మిల్లీమీటరులో రెండు వేలవ వంతు. అందులో చిన్న భాగం కూడా తప్పకూడదు. మేస్ ఎదుర్కొన్న చలి, వెబ్ చేరిన కచ్చితత్వం, రెండూ ఒకేచోట కావాలి. అలాంటి యాక్చువేటర్లు వందల్లో కావాలి, ఏళ్ల తరబడి నడవాలి.

ఆ పనికి కావలసిన నైపుణ్యం ఖగోళ శాస్త్ర విభాగాల్లో మాత్రమే పుట్టదు. మర కోసేవారు, బేరింగు అమర్చేవారు, లోహానికి తగిన లోహాన్ని జతచేసేవారు, తీగకు తగిన తొడుగు ఎంచేవారు అందరూ కావాలి. హైదరాబాద్ కర్మాగారాల్లోనూ, బిలాస్‌పూర్ లోకో షెడ్డులోనూ పాయింటు గదుల్లోనూ పనిచేసే మనుషుల చేతుల్లో ఆ విద్యకు పునాదులున్నాయి. వాళ్ల పిల్లల్లో కొందరు ఈ పుస్తకం చదువుతుంటే వాళ్లకు ఒక్క నియమం చెప్పాలని ఉంది. యంత్రాన్ని ఏ ఉష్ణోగ్రతలో వాడతావో ఆ ఉష్ణోగ్రతలోనే పరీక్షించు. గదిలో బాగా తిరిగిన మోటారు గురించి గదికి మాత్రమే తెలుసు. చలి గదిలో పెట్టి, చల్లబరిచి, వేడిచేసి, మళ్లీ చల్లబరిచి, ప్రతిసారీ మూడు ప్రశ్నలు అడుగు. కదిలిందా? నిలిచిందా? ఉన్నదే చెప్పిందా? మూడింటికీ ప్రతిసారీ అవునని వచ్చిన యంత్రాన్నే కొండ ఎక్కించు.